ఓలె యాకోబ్: ఒక సంచీ, పదివేల టన్నుల పెట్రోలు

1940 డిసెంబరు 4న జపాన్‌లోని కోబె రేవుకు ఒక చమురు ట్యాంకరు వచ్చింది. దాన్ని కట్టింది స్వీడన్‌లో. యజమానులు నార్వేవాళ్లు. దాని కడుపులో ఉన్న పెట్రోలు సూయెజ్‌కు చేరవలసినది, బ్రిటిష్ విమానాల కోసం. నడిపించుకొచ్చినవాళ్లు జర్మన్లు. వచ్చింది, ఐరోపా యుద్ధంలో అప్పటికి తటస్థంగా ఉన్నానని చెప్పుకుంటున్న జపాన్‌కు. అన్నిటికన్నా విలువైన సరుకు ఆ ట్యాంకుల్లో లేదు. ఒక జర్మన్ అధికారి సామానులో ఉంది. అది కాగితాల కట్ట.

ఆ ట్యాంకరు పేరు ఓలె యాకోబ్. 1939లో కట్టినది, 8,306 టన్నులది. ఈ కాగితాల వల్లే జపాన్ హవాయిలోని అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద దాడికి దిగిందని, సింగపూర్ పతనానికి బీజం ఈ నౌకలోనే పడిందని చెప్పే కథనాలు తరచూ కనిపిస్తాయి. వినడానికి బాగుంటుంది. అయితే అందులో ఎంత నిజం ఉందో తేల్చాలంటే ముందు ఈ నౌక ఎవరిది, ఎవరి చేతుల్లోకి ఎలా వెళ్లింది అనే చిక్కుముడి విప్పాలి.

1940 ఏప్రిల్ 9న జర్మనీ నార్వే మీద పడింది. రెండు నెలలకే దేశం చేజారింది, రాజు హాకోన్, ప్రభుత్వం లండన్ చేరారు. చేజారనిది ఒక్కటే, సముద్రం మీద ఉన్న నౌకలు. జనాభా ముప్పై లక్షలే అయినా ప్రపంచంలోని నాలుగో పెద్ద వాణిజ్య నౌకాదళం అప్పట్లో నార్వేది. అందులోనూ చమురు ట్యాంకర్లు ఎక్కువ, అవీ కొత్తవి, వేగంగా నడిచేవి. తిరిగి స్వదేశానికో, జర్మన్ లేదా తటస్థ రేవులకో రావాలని ఆక్రమిత నార్వే నుంచి రేడియోలో ఆదేశాలు వచ్చాయి. విదేశీ జలాల్లో ఉన్న కెప్టెన్లు వాటిని పెడచెవిన పెట్టారు. ఆ ఏప్రిల్‌లోనే నార్వే ప్రభుత్వం ఆ నౌకలన్నిటినీ తన అధీనంలోకి తీసుకుంటున్నట్లు ప్రకటించి, లండన్ కేంద్రంగా నోర్ట్రాషిప్ అనే సంస్థను నిలబెట్టింది. దాని కింద సుమారు 1,000 నౌకలు, దాదాపు 30 వేల మంది నావికులు. నేల పోగొట్టుకున్న ప్రభుత్వానికి అదే రాజ్యం, అదే ఖజానా.

ఓలె యాకోబ్ కూడా ఆ వెయ్యిలో ఒకటి. 1940 నవంబరులో అది సింగపూర్ వైపు నుంచి దాదాపు పదివేల టన్నుల విమాన పెట్రోలుతో సూయెజ్‌కు బయలుదేరింది. బంగాళాఖాతం దక్షిణపు అంచున, శ్రీలంకకు తూర్పుగా, నికోబార్ దీవులకు పడమరగా ఉన్న దారి అది. ఆ దారిలో అట్లాంటిస్ కాచుకుని ఉంది.

అట్లాంటిస్ అసలు పేరు గోల్డెన్‌ఫెల్స్, ఒక జర్మన్ సరుకు నౌక. యుద్ధం వచ్చాక దానికి 150 మిల్లీమీటర్ల ఫిరంగులు ఆరు అమర్చి, వాటిని తలుపుల వంటి రేకుల వెనక దాచారు. ఇలాంటి నౌకలను అర్థం చేసుకోవడానికి మనకు మంచి పోలిక ఉంది: పగటివేషగాళ్లు. పొగగొట్టం ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది, అవసరమైతే ఉత్తుత్తి గొట్టం ఇంకొకటి లేస్తుంది. రాత్రికి రాత్రి రంగు మారుతుంది. పొద్దున్నే వేరే దేశం జెండా, వేరే పేరు. ఒక దశలో అట్లాంటిస్ జపాన్ నౌక వేషం కట్టినప్పుడు, దూరం నుంచి దుర్భిణిలో చూసేవాళ్లను నమ్మించడానికి ఒక నావికుడు ఆడవేషం వేసుకుని డెక్కు మీద పిల్లల తోపుడుబండి నెట్టుకుంటూ తిరిగాడు. తేడా అల్లా పగటివేషగాడు ఆట ముగిశాక బియ్యం అడుగుతాడు, ఈ వేషగాడు నౌకనే అడుగుతాడు.

దాని కెప్టెన్ బెర్న్‌హార్డ్ రొగ్గె. నవంబరు 9న అతడు టెడ్డీ అనే నార్వే ట్యాంకరును పట్టుకున్నాడు. అప్పుడు తనది ఆంటెనోర్ అనే బ్రిటిష్ సాయుధ నౌక అని చెప్పుకున్నాడు. మర్నాడు ఓలె యాకోబ్ కనిపించింది. ఇక్కడ మామూలు పద్ధతి పనికిరాదు. ఎదుటి నౌక రేడియోలో 'క్యూ క్యూ క్యూ' అని కొట్టకముందే, అంటే మారువేషపు దాడి నౌక ఎదురైందని లోకానికి చాటకముందే, ఫిరంగితో దాని రేడియో గదిని పడగొట్టడం ఇలాంటి నౌకల అలవాటు. విమాన పెట్రోలు నిండిన ట్యాంకరు మీద గుండు పేలిస్తే మిగిలేది మంటే. అందుకని రొగ్గె మోటారు పడవ దింపాడు. పైకి కనిపించే అధికారులకు బ్రిటిష్ దుస్తులు తొడిగాడు. ఆయుధాలతో ఉన్న మిగతావాళ్లు పడవ అడుగున నక్కారు. బ్రిటిష్ నౌకాదళం తనిఖీకి వస్తోందనుకున్న నార్వే నావికులకు అసలు సంగతి తెలిసేసరికి తుపాకులు డెక్కు మీదికి వచ్చేశాయి.

తెలుగు బైబిలు చదివినవాళ్లకు ఇక్కడ ఒక వింత తోచవచ్చు. యాకోబు అన్న బట్టలు తొడుక్కుని, మేకపిల్లల తోలు చేతులకు కప్పుకుని, చూపు లేని తండ్రి ఇస్సాకును మోసగించి ఆశీర్వాదం కొట్టేసిన కథ అందులోనిదే. ఈ యాకోబ్ విషయంలో మాత్రం మోసపోయింది ఆ పేరు పెట్టుకున్న నౌకే.

ఇలా పట్టుబడిన నౌకను 'ప్రైజ్' అంటారు. యుద్ధ చట్టం ప్రకారం శత్రు దేశపు వాణిజ్య నౌకను పట్టుకుని, తన మనుషులను కొందరిని ఎక్కించి, తన రేవుకు తీసుకుపోవచ్చు. నార్వే నేల మొత్తం జర్మనీ చేతిలో ఉండగా నార్వే నౌక శత్రు నౌక ఎలా అవుతుంది? నార్వే ప్రభుత్వం లండన్‌లో బతికే ఉంది, యుద్ధంలోనూ ఉంది. నౌక మీద ఎగిరేది ఆ ప్రభుత్వం జెండా. తమ అదుపులో ఉన్న దేశపు నౌకనే శత్రువు నౌకగా పట్టుకోవలసిన పరిస్థితి జర్మనీకి తనకు తాను తెచ్చుకున్నదే. అట్లాంటిస్ పట్టుకున్న నార్వే నౌకల్లో ఇది మొదటిదీ కాదు, చివరిదీ కాదు. జూన్‌లో చిక్కిన టిరానా అనే నార్వే నౌకలో, ఇతర నౌకల నుంచి పట్టుకున్న బందీలను ఎక్కించి ఫ్రాన్స్ వైపు పంపారు. అందులో పిల్లాపాపలు, లస్కర్లు, అంటే భారతీయ నావికులు, కూడా ఉన్నారు. తీరం కనుచూపు మేరలోకి వచ్చాక ఒక బ్రిటిష్ జలాంతర్గామి అది జర్మన్ నౌకే అనుకుని టార్పెడోతో ముంచేసింది. ఎనభై మందికి పైగా పోయారు. ప్రైజ్ నౌకలో బందీగా ఉన్నవాడికి సొంతవాళ్లే గండం.

ఓలె యాకోబ్‌ను కూడా అదే దారిన ఐరోపా పంపవలసిందే. ఆ ఆలోచన మారడానికి కారణం నవంబరు 11.

ఆ ఉదయం సుమత్రా కొనకు దగ్గర్లో ఆటోమెడాన్ అనే బ్రిటిష్ సరుకు నౌక అట్లాంటిస్ కంటపడింది. సెప్టెంబరులో లివర్‌పూల్‌లో బయలుదేరి పెనాంగ్, సింగపూర్ మీదుగా పోవలసిన నౌక. అది ఆపద సంకేతం ఇవ్వబోయింది, అట్లాంటిస్ కాల్చింది. దగ్గరి నుంచి తగిలిన గుళ్లకు బ్రిడ్జి, అంటే నౌకను నడిపించే గది, తుక్కుతుక్కయింది. కెప్టెన్, ఆయన చుట్టూ ఉన్న అధికారులు అక్కడికక్కడే చనిపోయారు. ఈ ఒక్క వివరమే మిగతా కథకు మూలం. ప్రమాదం వస్తే రహస్య పత్రాలను సముద్రంలో పడేయవలసినవాళ్లు వాళ్లే.

నౌక ఎక్కిన జర్మన్లకు సంకేత పుస్తకాలు, తపాలా బస్తాలు దొరికాయి. మ్యాపుల గదిలో ఒక సన్నని పొడవాటి ఆకుపచ్చ సంచీ కూడా దొరికింది. నీళ్లలో పడేస్తే వెంటనే మునగాలని దానికి కంతలు పెట్టి, బరువు కట్టి ఉంచారు. చిరునామా, ప్రాచ్య ప్రాంతపు బ్రిటిష్ సర్వసేనాని బ్రూక్-పోఫమ్‌ది. లోపల లండన్‌లోని త్రివిధ దళాధిపతులు తయారు చేసిన నివేదిక, ఆగస్టులో యుద్ధ మంత్రివర్గం ముందుకు వచ్చినది. దాని సారం మూడు నాలుగు ముక్కల్లో చెప్పవచ్చు. జపాన్ దాడి చేస్తే తూర్పుకు పంపడానికి బ్రిటన్ దగ్గర ఇప్పట్లో నౌకాదళం లేదు. హాంకాంగ్‌ను నిలబెట్టుకోలేం. జపాన్ ఫ్రెంచి ఇండోచైనాలోకి చొరబడినా అందుకోసం యుద్ధానికి దిగలేం. మలయా, సింగపూర్‌లను ప్రధానంగా విమానాలతో కాపాడుకోవాలి, ఆ విమానాలూ చాలినన్ని లేవు.

ఒక సామ్రాజ్యం తన బలహీనతను తన చేత్తోనే ఇంత వివరంగా రాసుకుని, ఏ యుద్ధనౌక తోడూ లేని సరుకు నౌకలో పంపింది. చేరవలసిన సేనాని చూస్తే విమానంలో ఎగురుతూ పదవిలో చేరడానికి వెళ్తున్నాడు! ఆయన సింగపూర్ చేరిన మధ్య నవంబరు నాటికి ఆయన సంచీ శత్రువు చేతిలో ఉంది.

రొగ్గెకు ఆ కాగితాల విలువ వెంటనే అర్థమైంది. ఐరోపాకు పంపాలంటే నెలల ప్రయాణం, దారిపొడవునా బ్రిటిష్ నౌకల కాపలా. జపాన్ అయితే మూడు వారాల దూరం. టోక్యోలో జర్మన్ రాయబార కార్యాలయం ఉంది. చేతిలో వేగంగా నడిచే కొత్త ట్యాంకరు ఒకటి ఉంది. అలా ఓలె యాకోబ్ తపాలా బండి అయింది. పాల్ కామెంజ్ అనే అధికారి నాయకత్వంలో అది కోబె చేరింది. కాగితాలు టోక్యోలోని జర్మన్ నౌకాదళ ప్రతినిధి పాల్ వెన్నెకర్ చేతికి అందాయి. ఆయన సారాంశం బెర్లిన్‌కు తంతి కొట్టాడు, అసలు ప్రతులు కామెంజ్ వెంట సైబీరియా రైల్లో బయలుదేరాయి. హిట్లర్ అనుమతి వచ్చాక డిసెంబరు 12న వెన్నెకర్ ఒక నకలును జపాన్ నౌకాదళ ప్రధాన కార్యాలయంలోని ఉప ప్రధానాధికారి కొందో నొబుటకెకు అందించాడు. తరువాతి కాలంలో రొగ్గెకు జపాన్ నుంచి ఒక సామురాయ్ ఖడ్గం బహుమతిగా వచ్చింది. ఆ గౌరవం దక్కిన జర్మన్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

మరి పెర్ల్ హార్బర్ మాటేమిటి?

వాదన ఇలా సాగుతుంది. డిసెంబరు 12న పత్రం అందింది. జనవరి 7న, అంటే నాలుగు వారాలు కూడా నిండకముందే, జపాన్ సంయుక్త నౌకాదళ సేనాని యమమొటొ హవాయి మీద దాడి ఆలోచనను నౌకాదళ మంత్రికి రాసిన ఉత్తరంలో వివరించాడు. దక్షిణాన బ్రిటన్ వల్ల భయం లేదని తెలిసింది కాబట్టి అమెరికా నౌకాదళం మీద దృష్టి పెట్టగలిగాడు. తేదీలు ఒకదాని పక్కన ఒకటి పెడితే ముచ్చటగా అతుకుతాయి. నాకు మాత్రం ఇది కాకి వాలడం, తాటిపండు పడటం లాంటి తర్కంగానే తోస్తుంది.

మొదటి సంగతి, జపాన్ దక్షిణం వైపు కదలడం ఈ సంచీ దొరక్కముందే మొదలైంది. 1940 సెప్టెంబరులోనే దాని సైన్యం ఉత్తర ఇండోచైనాలో అడుగుపెట్టింది, అదే నెల 27న జర్మనీ, ఇటలీలతో ఒప్పందం మీద సంతకం పెట్టింది. రెండో సంగతి, ఆటోమెడాన్ పట్టుబడిన నవంబరు 11 రాత్రే బ్రిటిష్ విమానాలు ఇటలీలోని టరాంటో రేవులో లంగరేసి ఉన్న యుద్ధనౌకలను టార్పెడోలతో దెబ్బతీశాయి. లోతు తక్కువ ఉన్న రేవులోనూ విమాన టార్పెడోలు పనిచేస్తాయని లోకం చూసింది, జపాన్ అధికారులు వెళ్లి మరీ పరిశీలించారు. పెర్ల్ హార్బర్‌కు ఆ రోజే ఏదైనా పాఠం పుట్టి ఉంటే, అది సుమత్రా దగ్గరి సంచీలో కన్నా టరాంటో నీళ్లలో పుట్టిందనడం సబబు. మూడో సంగతి అన్నిటికన్నా పెద్దది. 1941 జూలైలో జపాన్ దక్షిణ ఇండోచైనాలోకి దిగింది, అమెరికా దాని ఆస్తులను స్తంభింపజేసి, చమురు ఆపేసింది. ఆ తరువాత టోక్యో ముందు మిగిలినవి రెండే దారులు: వెనక్కి తగ్గడం, లేదా చమురు బావులున్న డచ్ ఈస్టిండీస్‌ను లాక్కోవడం. ఆ నిర్ణయానికి ఏ సంచీ అక్కర్లేదు.

అలాగని కాగితాలు వృథా అనడం కూడా తొందరపాటే. బ్రిటన్ బలహీనపడిందని జపాన్ నౌకాదళం ఊహిస్తోంది. ఊహ వేరు, లండన్ దళాధిపతుల సంతకాలతో ఉన్న పత్రం వేరు. కొందో మొదట అనుమానించి, తరువాత నమ్మాడు. సామ్రాజ్యం ఇంతగా డీలాపడిందని బయటి నుంచి చూస్తే తెలియదని వెన్నెకర్‌తో అన్నాడు. ఇండోచైనా కోసం బ్రిటన్ యుద్ధానికి రాదన్న ఆ ఒక్క వాక్యం, తరువాతి ఏడాది జపాన్ అక్కడ వేసిన అడుగును ఎంతో కొంత తేలిక చేసి ఉంటుంది. తలుపు తెరిచింది ఆ పత్రం కాదు. లోపల గడియ వేసి లేదని చెప్పింది.

ఈ గూఢచర్యపు మెరుపులో ఓలె యాకోబ్ తెచ్చిన రెండో సరుకును అందరూ మరిచిపోతారు. పదివేల టన్నుల విమాన పెట్రోలు. తటస్థ రేవులోకి ప్రైజ్ నౌకను తీసుకురావడానికి 1907 నాటి హేగ్ ఒప్పందం ఒప్పుకొనే సందర్భాలు కొన్నే: నౌక పాడైనా, వాతావరణం బాగాలేకపోయినా, ఇంధనమో ఆహారమో అయిపోయినా. ఆ కారణం తీరగానే వెళ్లిపోవాలి. పట్టుకొచ్చిన సరుకును అక్కడ మారకం వేసుకోవడానికి అందులో చోటు లేదు. జపాన్ ఆ పెట్రోలు తీసుకుంది, బదులుగా జర్మన్లకు డీజిల్ ఇచ్చింది. అట్లాంటిస్ వంటి నౌకలు నడిచేది డీజిల్‌తోనో బాయిలరు నూనెతోనో, విమాన పెట్రోలుతో కాదు. కాబట్టి ఈ మారకం జర్మన్లకు వరమే. ఒక నార్వే ట్యాంకరు, బ్రిటన్ సొమ్ము అయిన పెట్రోలుతో, జర్మన్ దాడి నౌకలు మరికొన్ని నెలలు సముద్రం మీద బతకడానికి కావలసిన ఇంధనం సంపాదించి పెట్టింది. ఆ డీజిల్‌తో, నూనెతో ఎన్ని నౌకలు మునిగాయో లెక్క కట్టాలంటే ఓ పత్రం కన్నా ఎక్కువ కాగితాలు కావాలి.

ఆపైన ఓలె యాకోబ్ బతుకు సరఫరా నౌక బతుకే. పసిఫిక్‌లో ఓరియన్ అనే మరో జర్మన్ దాడి నౌకకు ఇంధనం అందించింది. 1941 జూలైలో బ్రిటిష్ కాపలాను తప్పించుకుని ఫ్రాన్స్‌లోని బోర్డో చేరింది. అక్కడ దాని పేరు తీసేసి బెన్నో అని పెట్టారు. ఆ నవంబరు 22న దక్షిణ అట్లాంటిక్‌లో అట్లాంటిస్‌ను బ్రిటిష్ క్రూయిజర్ డెవాన్‌షైర్ ముంచేసింది. అప్పటికి అది పట్టుకున్న, ముంచిన నౌకలు 22.

బెన్నో డిసెంబరులో మళ్లీ సముద్రం మీదికి వచ్చింది. ఈసారి అదృష్టం కలిసిరాలేదు. బిస్కే అఖాతం దగ్గర బ్రిటిష్ పక్షపు విమానాల కంటపడింది, దెబ్బ తిని, స్పెయిన్ వాయవ్య తీరంలోని కారిన్యో అనే చిన్న రేవు వైపు తలదాచుకోవడానికి వెళ్లింది. స్పెయిన్ తటస్థ దేశం. ఏడాది కిందట తటస్థ రేవు దానికి కలిసొచ్చింది. ఇప్పుడు కలిసిరాలేదు. 1941 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందు రోజు, ఒక విమానం వేసిన టార్పెడో దాన్ని ముంచింది. అది నార్వే కోసం యుద్ధకాలంలో తిరిగింది ఏడు నెలలు. జర్మనీ కోసం తిరిగింది పదమూడు నెలలకు పైనే. మర్నాడు, డిసెంబరు 25న, నిలబెట్టుకోలేమని ఆ పత్రంలో రాసిన హాంకాంగ్ జపాన్‌కు లొంగిపోయింది.

తూర్పుకు పంపడానికి నౌకాదళం లేదన్న మాట ఎంత నిజమో మన తీరానికీ తెలిసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే రోజుల్లో బంగాళాఖాతంలో జపాన్ క్రూయిజర్లు, విమానాలు వరసగా ముంచిన సరుకు నౌకల్లో మూడు నార్వేవి: డాగ్‌ఫ్రెడ్, ఎల్సా, హెర్మోద్. విశాఖ బాంబుల కథ మన దగ్గర అందరికీ తెలుసు. ఆ నీళ్లలోనే ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గరి దేశపు నౌకలు మునిగాయని మాత్రం ఎవరూ చెప్పుకోరు.

యుద్ధం ముగిసేనాటికి నార్వే వాణిజ్య నౌకలు సుమారు 500 పోయాయి. చనిపోయిన నావికులు మూడున్నర వేలకు పైమాటే. బతికినవాళ్ల గొడవ వేరు. యుద్ధకాలంలో వాళ్ల జీతాలను బ్రిటిష్ నావికుల స్థాయికి దగ్గరగా ఉంచడం కోసం కొంత మొత్తాన్ని చేతికివ్వకుండా ఒక నిధిలో వేశారు. దాని సంగతి చాలాకాలం బయటపెట్టలేదు కూడా. ఆ డబ్బు తమదేనని నావికులన్నారు, కాదని ప్రభుత్వం అంది, కోర్టు కూడా ప్రభుత్వం వైపే నిలిచింది. చివరికి 1972లో నార్వే పార్లమెంటు, హక్కుగా కాదు, ఔదార్యంగా ఇస్తున్నామంటూ పరిహారం మంజూరు చేసింది. సముద్రం మీద గడిపిన ఒక్కో నెలకు 180 క్రోనర్లు. ఆ లెక్కన ఓలె యాకోబ్ పట్టుబడేదాకా నడిచిన ఏడు నెలలకు ఒక్కొక్కరికి 1,260 క్రోనర్లు వస్తాయి.